నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో జర్నలిజం విద్యార్థుల ముందు ఒక విజువల్ స్టోరీటెల్లింగ్ రిపోర్టర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. ఆ కిటికీ పక్కనున్నవాళ్లు కర్టెన్ కొంచెం వేస్తారా, తెర మీద బొమ్మలు చూపించాలి. థాంక్స్ అమ్మా.

నా కార్డు మీద విజువల్ స్టోరీటెల్లింగ్ రిపోర్టర్ అని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ, "అంటే ఏం పని రా?" అని అడిగితే "పేపరుకు బొమ్మలు వేస్తానమ్మా" అన్నాను. తప్పేం లేదు, వేసేది బొమ్మలే. మ్యాపులు, గ్రాఫులు, ఫోన్‌లో కిందికి జరుపుతూ పోతుంటే కథ విప్పుకునే పేజీలు, అవన్నీ నా పనే. కానీ ఆ పేరులో చివరి మాట చూడండి. రిపోర్టర్. ఆ చివరి మాట నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ఆ మూడేళ్లూ ఏం చేశానో చెప్తాను. సాయంత్రం ఏడింటికి రిపోర్టర్ స్టోరీ పంపిస్తారు. ఎనిమిదింటికి డెస్క్ నుంచి పిలుపు వస్తుంది. "కొంచెం జాగా ఉంది, ఏదైనా గ్రాఫిక్ పెడదాం, అరగంటలో ఇస్తావా?" ఇచ్చేవాణ్ని. వేరేవాళ్లు తెచ్చిన అంకెలు తీసుకుని, రంగులేసి, పక్కన ఒక బొమ్మ పెట్టి, ఎడిషన్ టైంకి ఇచ్చేవాణ్ని. ఆ అంకె ఎవరు లెక్కపెట్టారు? ఎలా లెక్కపెట్టారు? అడగలేదు. ఆ ఊరు చూశానా? చూడలేదు. నేను వేసిన బొమ్మలో తప్పుంటే దానికి బాధ్యులెవరు? స్టోరీ రాసినాయనా, నేనా? ఆ ప్రశ్న కూడా నాకు రాలేదు.

2020 అక్టోబరు 13. మంగళవారం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కరోనా రోజులు, మీకు స్కూళ్లు లేవు. ఆ రాత్రి హైదరాబాద్ మీద వాన విరుచుకుపడింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. నగరంలో అక్టోబరు నెలలో అంత వాన వందేళ్లలో చూడలేదు. నాకు డెస్క్ నుంచి పిలుపు వచ్చింది, 19 సెంటీమీటర్లు అని పెద్దగా వేసి, మబ్బు బొమ్మ పెట్టమన్నారు.

ఒక్క నిమిషం. 19 సెంటీమీటర్లు అంటే ఎంత? చేతులు ఎత్తి చూపించండి. ఇంత. జానెడు కంటే కొంచెం తక్కువ, అంతే కదా? జానెడు నీళ్లకే నగరం మునిగిందా? చదివే మనిషికి వచ్చే సందేహం అదే. వాతావరణ శాఖ వాళ్ల అంకె కరెక్టే. కానీ అది చదివేవాడి చేతికి అందదు.

ఆ రాత్రి మబ్బు బొమ్మ పక్కన పెట్టి ఒక లెక్క వేశాను. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది 1 లీటరు నీళ్లు. ఇది రాసుకోండి, మీకు జీవితాంతం పనికొస్తుంది. 19 సెంటీమీటర్లంటే చదరపు మీటరుకు 190 లీటర్లు. సరే, హైదరాబాద్‌లో ఎవరైనా ఇంటిని చదరపు మీటర్లలో చెప్తారా? గజాల్లో చెప్తారు. 100 గజాల ఇల్లంటే దాదాపు 84 చదరపు మీటర్లు. ఆ ఒక్క డాబా మీద ఆ రోజు పడింది దాదాపు 16 వేల లీటర్లు. లీటర్లు కూడా మనకు సరిగా తెలియవు. మనకు తెలిసింది ఏంటి? ట్యాంకర్. ఎండాకాలంలో బుక్ చేసుకుని, ఎప్పుడొస్తుందా అని గేటు దగ్గర నిలబడతామే, ఆ ట్యాంకర్. దానికి 5 వేల లీటర్లు పడతాయి. అంటే 100 గజాల డాబా మీద మూడు ట్యాంకర్లు, ఇంకా కొంచెం. ఒక ఎకరం కాలనీలో 150 ట్యాంకర్లకు పైగా. ఒక్క రోజులో.

తెర మీద చూడండి, ఆ రోజు వేసిన బొమ్మ ఇదే. చిన్న డాబా ఇల్లు, దాని మీద మూడు ట్యాంకర్లు. ఇంకేం లేదు. కింద లెక్క రెండు లైన్లలో ఉంది. పొద్దున్నే మా కాలనీలో పాలప్యాకెట్లు వేసే అబ్బాయి ఫోన్‌లో ఆ బొమ్మ నాకే చూపించి, "సార్, మన అపార్ట్‌మెంట్ ఎన్ని గజాలు?" అని అడిగాడు. అతను తన లెక్క తను వేసుకోవడం మొదలుపెట్టాడు. నాకు అప్పుడు అనిపించింది, ఇది జాగా నింపే పని కాదు, ఇదే స్టోరీ అని.

కానీ అది కూడా కుర్చీలో కూర్చుని చేసిన పనే. అసలు సంగతి తర్వాత రోజు మొదలైంది.

మూడు ట్యాంకర్ల నీళ్లు ఎక్కడికి పోవాలి? రోడ్డు మీదికి, నాలాలోకి, అక్కణ్నుంచి మూసీలోకి. ఏ ఇళ్లలో ఎంత నీళ్లు వచ్చాయో మ్యాప్ వేద్దామనుకున్నాను. ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి కదా అనుకున్నాను. మన ఊళ్లోనే బాలానగర్‌లో ఇస్రో వాళ్ల నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది, షాద్‌నగర్‌లో వాళ్ల యాంటెన్నాలు ఉపగ్రహాల డేటాను పట్టుకుంటాయి. ఉపగ్రహ చిత్రాలు, మ్యాపులు ఉండే వాళ్ల భువన్ పోర్టల్ మీరు తప్పకుండా తెరిచి చూడాలి. అయితే వాన రోజుల్లో మామూలు ఉపగ్రహ చిత్రం తీస్తే మబ్బులే కనిపిస్తాయి. మబ్బుల్లోంచి చూసేది రాడార్. యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. రాడార్ చిత్రంలో నిలిచిన నీళ్లు నల్లగా వస్తాయి. నున్నటి నీటి మీద పడిన తరంగం అటువైపే జారిపోతుంది, వెనక్కి రాదు, అందుకని నలుపు. చెరువులకు, పొలాలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

బస్తీలో? పని చేయదు. ఇళ్ల గోడలకు తగిలి తరంగాలు వెనక్కి వచ్చేస్తాయి, నీళ్లున్నా తెల్లగానే కనబడుతుంది. ఇంకోటి, ఆ చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. అంటే ఎన్ని గజాలు? దాదాపు 120 గజాలు. మూసీ ఒడ్డు బస్తీలో ఇల్లు 40 గజాలు, 50 గజాలు. ఒక్క చుక్కలో రెండు మూడు కుటుంబాలు ఇమిడిపోతాయి. సందు వెడల్పు ఆరడుగులు. ఆ సందు ఆకాశానికి లేనట్టే లెక్క.

అందుకని టేపు పట్టుకుని వెళ్లాను. కొలత టేపు, టైలర్లది కాదు, వడ్రంగులు వాడే ఇనుప టేపు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున ఒక బస్తీ. పేరు చెప్పను, ఎందుకో తర్వాత చెప్తాను. నీళ్లు తీసి రెండు రోజులైంది. సందు పొడవునా పరుపులు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు ఎండబెట్టి ఉన్నాయి. మాస్కు లోంచి కూడా ఆ వాసన వస్తోంది. ఒక పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి పెద్దమ్మా?" అన్నాను. ఆమె మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్లింది. గోడకు తిథుల క్యాలెండర్ వేలాడుతోంది. సగం దాకా తడిసి, మట్టి పట్టి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పైన నెల పేరు కనబడుతోంది, కింద తేదీలు లేవు. ఆ క్యాలెండర్ మీద వేలు పెట్టి, "ఈడిదాంక వచ్చినయ్ బిడ్డా. మేం మంచం మీద స్టూలేసుకొని నిలవడ్డం" అంది.

టేపు పెట్టాను. నేల నుంచి 4 అడుగుల 10 అంగుళాలు. రాసుకున్నాను. పక్కింట్లో 3 అడుగుల 2 అంగుళాలు. ఎదురింట్లో 5 అడుగులు దాటింది. ఇలా పది ఇళ్లు కొలిచాక నాకు అనుమానం వచ్చింది. నీళ్లు నిలిచినప్పుడు మట్టం ఒకటే ఉంటుంది కదా? పక్కపక్క ఇళ్లలో అంత తేడా ఎందుకు?

ఆలోచించండి. ఎందుకు?

అవును, ఎవరో చెప్పారు, కరెక్ట్. ఇంటి నేల తేడా. నేను ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి గచ్చు మీంచి కొలుస్తున్నాను. ఒక ఇంటికి రెండు మెట్లున్నాయి, ఇంకో ఇల్లు సందు కంటే కిందికి ఉంది. పైగా సందు కూడా నది వైపు వాలుగా ఉంది. నా కొలతలన్నీ విడివిడిగా నిజమే, పక్కపక్కన పెడితే అబద్ధం. అదే బస్తీలో ఉండే ఒక మేస్త్రీ నా అవస్థ చూసి, ఇంట్లోంచి పొడుగాటి ప్లాస్టిక్ పైపు తెచ్చాడు. సన్నటిది, లోపల నీళ్లు కనబడేది. గోడలు కట్టేటప్పుడు లెవెల్ చూడ్డానికి వాడతారు, మీరు చూసే ఉంటారు. పైపు నిండా నీళ్లు పోసి, ఒక కొస ఈ ఇంటి దగ్గర, ఇంకో కొస ఆ ఇంటి దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఒక గీత పెట్టుకుని, అక్కణ్నుంచి ఇల్లిల్లూ లెవెల్ లాగుకుంటూ పోయాం. రెండు రోజులు పట్టింది. నలభై ఇళ్ల దాకా కొలిచాం.

ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. లైట్లు ఆపుతారా? సందును కేకు కోసినట్టు అడ్డంగా కోసి చూపించాం. ఒక్కో ఇల్లు, ఒక్కో గుమ్మం, మెట్లు, లోపలి గచ్చు. వాటన్నిటి మీదుగా ఒకే ఒక్క నీలం గీత, తిన్నగా. గీత మారలేదు. మారింది గచ్చు ఎత్తు. పాత వరదల తర్వాత చేతిలో డబ్బులున్నవాళ్లు మట్టి కొట్టించి ఇల్లు లేపుకున్నారు. వాళ్లకు నడుం లోతు. అద్దెకున్నవాళ్లు పాత గచ్చు మీదే ఉన్నారు. వాళ్లకు మెడ లోతు. ఇది ఏ ప్రకటనలో ఉంది? ఏ వార్డు లెక్కలో ఉంది? ఏ ఉపగ్రహ చిత్రంలో ఉంది? ఎక్కడా లేదు. ఆ మేస్త్రీ పైపులో ఉంది. మీకు సాఫ్ట్‌వేర్లు నేర్పడానికి చాలామంది వస్తారు. మ్యాపులకు క్యూజీఐఎస్ నేర్చుకోండి, గ్రాఫులకు డేటార్యాపర్, ఫ్లరిష్ నేర్చుకోండి, వీలైతే కొంచెం కోడింగ్ కూడా. అవన్నీ కావాలి. కానీ ఈ బొమ్మకు అవేవీ మొదలు కాదు. మొదలు ఆ పైపు.

బస్తీ పేరు ఎందుకు వేయలేదంటే, ఇళ్లన్నీ విడివిడిగా గీశాం. గచ్చు ఎత్తు, అద్దె ఇల్లా సొంతిల్లా అన్నీ ఉన్నాయి. పేరు కూడా వేస్తే ఎవరిల్లు ఏదో తెలిసిపోతుంది. ఒడ్డునున్న ఇళ్ల మీద ఎప్పుడు ఏ నోటీసు వస్తుందోనని వాళ్ల భయం వాళ్లది. మన బొమ్మ వాళ్ల మీద సాక్ష్యం కాకూడదు. డెస్క్‌లో దీని మీద గట్టిగా వాదన జరిగింది. పేరు లేని మ్యాప్ ఏం మ్యాప్ అన్నారు. నాకు ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

సాధ్యం కాని బొమ్మలు

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూసినవాళ్లు ఎంతమంది? నలుగురే? మిగతావాళ్లు ఈ వారం వెళ్లండి. అఫ్జల్‌గంజ్ బస్ ఎక్కితే ఎదురుగానే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారు. ఆ వరదలో 15 వేల మంది దాకా పోయారని చెప్తారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. లియోనార్డ్ మన్ అనే ఇంజినీర్ నగరాన్ని సందు సందూ కొలిపించి పటాలు గీయించిందీ ఆ తర్వాతి ఏళ్లలోనే. ఆ పటాలు చూడండి, వందేళ్ల కింద మనుషులు గొలుసులు పట్టుకుని కొలిచారు.

ఈ వరద మీద ఒక పేజీ చేయాలని కూర్చున్నాం. 15 వేల మందిని ఎలా చూపించాలి? మా టీంలో ఒకరు అన్నారు, చెట్టు మీద 150 మంది కదా, అలాంటి చెట్లు వంద వేస్తే 15 వేలు అవుతుంది. లెక్క సరిగ్గా సరిపోయింది. చూడగానే అర్థమవుతుంది కూడా. వేసి చూశాం. నాకు చేతులు ఆడలేదు. ఆ చెట్టు బతికించిన చెట్టు. దాన్ని చావులు లెక్కపెట్టే కొలబద్ద చేస్తామా? తీసేశాం. చివరికి 15 వేల చుక్కలు వేశాం, ఫోన్‌లో కిందికి జరుపుతూ ఉంటే వస్తూనే ఉంటాయి, వేలు నొప్పి పుట్టేదాకా వస్తాయి. చివర్లో ఒక చిన్న గుంపు, వేరే రంగులో 150 చుక్కలు, చెట్టు ఆకారంలో. చదవడం మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అలాగే ఉంచాం.

ఇంకో సంగతి, ఇది నా తప్పు. ఒక వానాకాలం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నీటిమట్టం గ్రాఫ్ వేశాను. ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట చెరువు, దాని పూర్తి మట్టం 1,790 అడుగులు. ఆ రోజు దానికి కొన్ని అడుగులు తక్కువ ఉంది. సున్నా నుంచి నిలువు కడ్డీలు వేస్తే పూర్తి మట్టం, ఆ రోజు మట్టం రెండూ ఒకే ఎత్తు, తేడానే లేదు. 1,780 నుంచి మొదలుపెడితే చెరువు సగానికి సగం ఖాళీ అయినట్టు కనబడుతోంది. ఏం చేయాలి? కడ్డీల గ్రాఫ్ సున్నా నుంచే మొదలవ్వాలన్న నిబంధన ప్రకారం సున్నా నుంచే వేశాను. మర్నాడు ఒక పాఠకుడు ఫోన్ చేశారు. రిటైర్డ్ టీచర్. "బాబూ, మన గండిపేట 1,790 అడుగుల లోతా? చార్మినార్‌ను తొమ్మిది సార్లు నిలబెట్టినా చాలదే" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. 1,790 అడుగులనేది సముద్రమట్టం నుంచి ఎత్తు. చెరువు లోతు కాదు. ఏళ్ల తరబడి ప్రతి వానాకాలం ఆ అంకె వేస్తున్నాం, అది ఏంటో ఒక్క లైను కూడా రాయలేదు. నేను గ్రాఫ్ ఎక్కడ మొదలుపెట్టాలా అని కొట్టుకున్నాను కానీ, అసలు అది గ్రాఫ్ వేయాల్సిన అంకె కాదు. దానికి కావాల్సింది చెరువు కోత బొమ్మ. కట్ట, గేట్లు, ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయి, ఇంకా ఎన్ని అడుగులైతే గేటు ఎత్తుతారు. ఆ టీచర్ గారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, సవరణ వేశాం. ఇప్పుడు వేసేది ఆ కోత బొమ్మే.

గేట్లు ఎత్తారంటే జనం అడిగే ప్రశ్న ఏంటి? "మా బ్రిడ్జి దగ్గరికి వస్తాయా?" వార్తలో ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు అని ఉంటుంది. దానికి మేం ఒక పట్టీ గీశాం. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది, ఫోన్ ఏమో నిలువుగా ఉంటుంది. మ్యాప్‌ను అలాగే పెడితే నది చీమంత అవుతుంది. అందుకని నదిని నిలువుగా తిప్పి, సిటీ బస్ రూట్ లాగా గీశాం. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. రెండు పాయలు బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. తర్వాత పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్. మధ్యలో వంపులన్నీ తీసేశాం. భూగోళశాస్త్రం ప్రకారం అది తప్పు మ్యాప్. కానీ మూసారాంబాగ్ వంతెన మీదుగా రోజూ డ్యూటీకి పోయేవాడికి తన స్టాప్ ఎక్కడుందో ఒక్క చూపులో దొరుకుతుంది.

రాష్ట్రం అనే మాట

ఇది తెలుగులో పనిచేసేవాళ్లకు ఉండే కష్టం, ఎవరూ నేర్పరు కాబట్టి చెప్తాను. గ్రాఫిక్‌లో మనం అన్నిటికంటే ఎక్కువ రాసే మాట ఏంటి? రాష్ట్రం. దాన్ని పెద్దగా రాసి చూడండి. ష కింద ట వత్తు, దానికి ర వత్తు. రెండు వత్తులు కిందికి వేలాడతాయి. ఇంగ్లిష్ అక్షరాలకు పెట్టిన లైన్ల మధ్య దూరం తెలుగుకు పెడితే ఆ వత్తులు కింది లైను గుడి దీర్ఘాల మీద కూర్చుంటాయి. లేదంటే పెట్టె అంచుకు తగిలి తెగిపోతాయి. వత్తు తెగితే ఏమవుతుంది? మాట మారిపోతుంది. నేను లైన్ల మధ్య ఒకటిన్నర రెట్లకు తక్కువ ఎప్పుడూ పెట్టను. లేబుల్ పెట్టాక ఫోన్‌లో తెరిచి, వత్తులన్నీ ఉన్నాయా అని వేలు పెట్టి చూసుకుంటాను. పేపర్ పేజీ 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో ఉంటుంది, వెబ్ పేజీ యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునే అక్షరాల పద్ధతి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఆ ప్రూఫ్ ఎవరో చూస్తారులే అనుకోకండి. అంకెల్లో కూడా అంతే, సాఫ్ట్‌వేర్ 100,000 అని కామా పెడుతుంది. మనకు 1,00,000. సెట్టింగ్ మార్చుకోవాలి. రంగుల విషయం కూడా ఒక్క మాట. న్యూస్‌ప్రింట్ మీద లేత నీలంలో ఐదారు ఛాయలు పెడితే అన్నీ ఒకటే అయిపోతాయి, మూడు చాలు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టకండి. ఆ తేడా కనిపించనివాళ్లు మనలో ఉన్నారు.

టైం అయిపోతోంది అంటున్నారు. ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

ఆ సందు బొమ్మ అచ్చయిన రోజు నాలుగు కాపీలు తీసుకుని బస్తీకి వెళ్లాను. పెద్దమ్మకు చదువు రాదు. పేపర్ విప్పి అరుగు మీద పరిచి, నేనేం చెప్పకముందే, సందు మొదట్లో కరెంటు స్తంభం బొమ్మ మీద వేలు పెట్టింది. అక్కణ్నుంచి ఒక్కో ఇల్లు దాటుకుంటూ, పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. తన ఇంటి దగ్గర ఆగింది. కాసేపు చూసింది. "అన్నీ మంచిగనే గీసినవ్ గని బిడ్డా, మా గుమ్మానికి రెండు మెట్లు. నువ్వు ఒక్కటే ఏసినవ్" అంది.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాను. బురద కిందికి దిగిపోయి రెండో మెట్టు అంచు కొంచెమే కనబడుతోంది. చేత్తో బురద తీసి, మెట్టు ఎత్తు కొలిచాను. 7 అంగుళాలు. ఆ సాయంత్రమే వెబ్‌లో బొమ్మ మార్చాం. మర్నాడు పేపర్‌లో సవరణ వేయమని అడిగితే డెస్క్‌లో, ఒక మెట్టుకు కూడా సవరణా అన్నారు. వేయించాను.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ చివరి వరసలో చెయ్యెత్తిన అమ్మాయి.